లిఖిత సంపద పరిరక్షణ: అమరావతి చరిత్ర చెప్పే పాఠం

జాతుల చరిత్రను యుద్ధాలతోను, రాజవంశాలతోను కొలవటం మనకు అలవాటు. కాని ఒక జాతి తన గతాన్ని ఎంతవరకు చదువుకోగలదన్నది మరొక లెక్క మీద ఆధారపడి ఉన్నది. రాసినదానిని తరువాతి వారు ఎన్నిసార్లు తిరిగి రాశారు, ఎంత శ్రద్ధగా సరిచూశారు, ఎన్ని చోట్ల భద్రపరిచారు అన్నదే ఆ లెక్క. యుద్ధాల చరిత్ర రాసినవారు వేలమంది ఉన్నారు. నకలు రాసినవారి చరిత్ర రాసినవారు బహు తక్కువ.

ఈ విషయం మీద కలం పట్టటానికి ఒక చిన్న సంఘటన కారణం. వక్ఫ్ ఆస్తుల వివరాలను నమోదు చేయటానికి 2025 జూన్ 6న ఉమీద్ అనే కేంద్ర పోర్టల్ ప్రారంభమైనది. 6 నెలల గడువు పెట్టారు. ఆ నెలల్లో గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల గ్రామాల నుంచి ముతవల్లీలు పాత కాగితాల కట్టలు చేతబట్టుకుని ఫార్సీ, ఉర్దూ చదవగలిగిన వారి కోసం తిరిగారు. అనువాదం నా వృత్తి కనుక కొందరు నా వద్దకూ వచ్చారు. అమరావతికి దగ్గరలోని ఒక గ్రామం నుంచి వచ్చిన వృద్ధ ముతవల్లీ గుడ్డలో చుట్టిన ఒక సనదును నా ముందు విప్పారు. అంచులు చెదలు తినగా మిగిలిన కాగితమది. వారి అబ్బాయి దానిని సెల్‌ఫోనులో ఫొటో తీసి ఎక్కించివేసినాడు. నేను చదివి అర్థం చెప్పిన తరువాత పెద్దాయన ఇలా అడిగారు:

"బేటా, ఇది కంప్యూటర్లోకి ఎక్కింది కదా. ఇక ఈ కాగితం దేనికి? ఇంట్లో ఉంటే చెదలు పాలవుతుంది. బిస్మిల్లా రాసి ఉన్న కాగితం కాలి కింద పడకూడదు. అదబుగా కృష్ణలో వదిలేస్తాను."

"వద్దు చాచా" అన్నాను. ఎందుకు వద్దో చెప్పబోయి బ్యాకప్ అన్నాను, ఫార్మాట్ అన్నాను, సర్వర్ అన్నాను. ఆయన మర్యాదగా విన్నారు గాని ఒక్క ముక్కా అర్థం కాలేదని ముఖమే చెప్పినది. తప్పు ఆయనది కాదు. ఈ విద్య తెలిసినవారు తమలో తాము మాట్లాడుకునే మాటలనే నేను అప్పగించాను. ఆయనకు తెలిసిన విషయాలతోనే ఆ జవాబు చెప్పవచ్చునని తరువాత తోచినది. ఆయన నివసించే నేల చరిత్రలోనే ఆ జవాబు ఉన్నది. దానిని సావకాశంగా చెప్పే ప్రయత్నమే ఈ వ్యాసం.

అమరావతి రాళ్ళు

కృష్ణా నది కుడి ఒడ్డున, శాతవాహనుల ధాన్యకటకానికి ఆనుకుని, బౌద్ధులు కట్టిన మహాస్తూపం క్రీస్తుకు పూర్వమే మొదలై, క్రీ.శ. 2వ శతాబ్ది నాటికి శిల్పసంపదతో నిండుగా వెలసినది. తరువాతి కాలంలో బౌద్ధం క్షీణించినది. స్తూపం మట్టిదిబ్బగా మారినది. ప్రజలు దానిని దీపాలదిన్నె అని పిలుచుకున్నారు. అది ఏమిటో ఎవరికీ గుర్తు లేదు. గుర్తు లేకపోవటమే దానిని శతాబ్దాల పాటు కాపాడినది.

18వ శతాబ్ది చివరి సంవత్సరాల్లో చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని అమరావతికి మార్చినాడు. కొత్త పట్టణానికి రాయి కావలసి వచ్చినది. దిన్నె తవ్వితే చెక్కిన పలకలు బయటపడినవి. సర్వేక్షకుడు కాలిన్ మెకంజీ ఈ సంగతి విని, ఆ రోజుల్లోనే వచ్చి చూసి పోయినాడు. తిరిగి 1816లో, భారతదేశ సర్వేయర్ జనరల్ హోదాలో, చిత్రకారులను వెంటబెట్టుకుని వచ్చేసరికి దిబ్బ నడుమ భాగాన్ని తవ్వి చెరువుగా మార్చి ఉన్నారు. పలకలు కొన్ని మెట్లయినవి, కొన్ని గోడలలోకి పోయినవి, కొన్ని సున్నపు బట్టీలో కాలినవి.

ఇక్కడ మన వంతు కూడా దాచకుండా చెప్పటం న్యాయం. మెకంజీ వృత్తాంతం ప్రకారం కొన్ని రాళ్ళు మసీదు పనికి కూడా వాడబడినవి. వాడే ముందు వాటి మీది చెక్కడాలను మరింత గట్టి రాళ్ళతో అరగదీశారట. జమీందారు, సున్నం కాల్చినవాడు, మసీదు కట్టినవాడు, వీరిలో ఎవరికీ చరిత్రను నాశనం చేయాలన్న ఉద్దేశం లేదు. తమ ముందున్నది రాయి అనుకున్నారు గాని రాత అనుకోలేదు. పోయిన సంపదలో అధిక భాగం ఇలాగే పోతుంది. శత్రువు కాల్చినదాని కంటే, విలువ తెలియని ఇంటివాడు పారవేసినదే ఎక్కువ.

మెకంజీ వెంట వచ్చిన చిత్రకారులు 1816 మొదలు కొన్ని సంవత్సరాల పాటు పలకలను కొలిచి, గీసి, 85 దాకా చిత్రాలు తయారు చేశారు. ఆ చిత్రాల సంపుటి నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. వారు గీసిన పలకల్లో కొన్ని ఇప్పుడు ఎక్కడా లేవు. ఆ చిత్రాలలో మాత్రమే ఉన్నవి. మరొక విశేషం గమనించదగినది. పలకల మీది బ్రాహ్మీ శాసనాలను కూడా వారు యథాతథంగా నకలు చేశారు. అప్పటికి ఆ లిపిని చదవగలవాడు భూమి మీద ఎవడూ లేడు. జేమ్స్ ప్రిన్సెప్ దానిని 1837లో ఛేదించినాడు. తమకు అర్థం కాని గీతలను అర్థం కానట్టుగానే, ఏమీ మార్చకుండా ఎక్కించిన ఆ చిత్రకారుల నిజాయితీ వలన, 20 ఏళ్ళ తరువాత మరొకడు చదవటం సాధ్యమైనది.

రాళ్ళ కథ అక్కడితో ఆగలేదు. కొన్నిటిని మచిలీపట్నం చేర్చారు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసుకు పంపించినాడు. అక్కడ అవి సంవత్సరాల తరబడి ఎండకూ వానకూ పడి ఉన్నవి. 1858లో లినియస్ ట్రైప్ వాటిని ఫొటోలు తీసినాడు. ఆ రోజుల్లో ఛాయాచిత్రం అంటే సరికొత్త విద్య. 1859లో అవి లండను చేరినవి. అక్కడ ఒక బండ్ల కొట్టంలో మరుగున పడి ఉండగా 1867లో జేమ్స్ ఫెర్గూసన్ కంట పడినవి. 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరుకున్నవి. అమరావతిలో 1877లో రాబర్ట్ సీవెల్ తవ్వించినాడు. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ ఆజ్ఞ మీద దిబ్బ అంతా శుభ్రం చేయబడినది. మరుసటి సంవత్సరం జేమ్స్ బర్జెస్ వచ్చి మిగిలినదానిని నమోదు చేసినాడు. తవ్విన ప్రతివాడూ కొంత కాపాడినాడు, కొంత పోగొట్టినాడు. ఏ రాయి ఎక్కడ నిలిచి ఉండేదో రాసి పెట్టకుండా పెకలించిన చోట, రాయి మిగిలినా దాని స్థానం పోయినది. స్థానం పోయిన రాయి కథ నుంచి చింపిన పుట వంటిది.

కైఫియత్తుల కథ

అదే మెకంజీ పేరుతో ముడిపడిన మరొక సంపద కైఫియత్తులు. గ్రామాల చరిత్రలు, దేవాలయాల మాన్యాలు, మసీదు, దర్గాల ఇనాములు, కరణాల చేతి కవిలెలు, వీటి నుంచి సేకరించిన స్థానిక వృత్తాంతాలవి. ఈ పనిలో మెకంజీకి కుడి భుజమైనవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య 1803లోనే మరణించినాడు. తమ్ములు పని కొనసాగించారు. గుంటూరు సీమ గ్రామాల కైఫియత్తులు నేటి చరిత్రకారులకు కూడా మొదటి ఆధారాలలో ఒకటి.

1821లో మెకంజీ మరణించిన తరువాత ప్రభుత్వం ఆ సేకరణను కొన్నది. కొంత భాగం లండనుకు, కొంత మద్రాసుకు పోయినది. మద్రాసులోని కాగితాలు పురుగులకు, తేమకు గురి కాసాగినవి. అప్పుడు సి.పి. బ్రౌన్ పండితులను, లేఖకులను నియమించి, శిథిలమవుతున్న కైఫియత్తులను కొత్త కాగితం మీద తిరిగి రాయించినాడు. లోకల్ రికార్డ్స్ అనే పేరుతో చరిత్రకారులు వాడుకునేవి ఈ నకళ్ళే. అసలు కాగితం నలిగిపోయిన చోట బ్రౌన్ లేఖకుని చేతిరాతే మనకు మిగిలిన మూలం.

గుంటూరు మండలం విషయంలో ఈ నకళ్ళకు మరింత విలువ ఉన్నది. కొండవీడు గోలకొండ వశమైన తరువాత కుతుబ్‌షాహీల పాలనలో దీనికి ముర్తజానగర్ అనే పేరు వచ్చినది. 1788లో ఇంగ్లీషువారి చేతికి వచ్చేదాకా గుంటూరు సర్కారు నిజాముల ఏలుబడిలో ఉన్నది. కనుక ఇక్కడి ఇనాము సనదులు ఫార్సీలో ఉంటాయి. 1858లో మద్రాసు ప్రభుత్వం ఏర్పరచిన ఇనాం కమిషన్ వాటిని పరిశీలించి, తన రిజిస్టర్లలో ఎక్కించుకున్నది. ఒకే ఇనాముకు ఇంటిలో ఒక సనదు, సర్కారులో ఒక రిజిస్టరు, కైఫియత్తులో ఒక ప్రస్తావన ఉన్నప్పుడు, ఒకటి పోయినా రెండవది సాక్ష్యం పలుకుతుంది. మూడింటిలోనూ ఒకే మాట ఉంటే దానిని కాదనటం కష్టం.

ముఖాబలా సంప్రదాయం

మదరసాలో చదివిన వారికి ఈ సూత్రం కొత్తది కాదు. యమామా యుద్ధంలో ఖుర్‌ఆన్ కంఠస్థులు అనేకులు అమరులు కావటంతో, హజ్రత్ అబూబక్ర్ (రజి) జైద్ బిన్ సాబిత్ (రజి)కు గ్రంథ సంకలన బాధ్యత అప్పగించారు. జైద్ తాను స్వయంగా హాఫిజ్ అయి ఉండి కూడా జ్ఞాపకం మీద మాత్రమే ఆధారపడలేదు. రాత ప్రతులను, కంఠస్థుల సాక్ష్యాన్ని కలిపి సరిచూశారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలంలో సరిచూచిన ప్రతులను తయారు చేయించి వేర్వేరు పట్టణాలకు పంపించారు. వస్తువు మీద ఒకటి, మనిషి హృదయంలో ఒకటి, దూరంగా మరొక ఊరిలో ఇంకొకటి. పరిరక్షణ శాస్త్రం నేడు చెప్పే మూలసూత్రం ఇదే.

హదీసు పండితులు ఈ పద్ధతిని మరింత నిశితం చేశారు. నకలు రాయటంతో పని పూర్తి కాదని, దానిని మూలంతో పోల్చి చదవాలని నియమం పెట్టుకున్నారు. ఈ పోల్చి చూడటాన్నే ముఖాబలా అంటారు. క్రీ.శ. 1071లో మరణించిన ఖతీబ్ బగ్దాదీ ఒక పద్ధతిని మెచ్చుకున్నారు. ప్రతి హదీసు చివర ఒక సున్న చుట్టి వదిలివేయాలి. మూలంతో సరిచూచిన తరువాతనే ఆ సున్న లోపల చుక్క పెట్టాలి. చుక్క లేని సున్న కనపడితే, ఇది రాయబడినదే గాని ఇంకా సరిచూడబడలేదని చదువరికి తెలిసిపోతుంది. ఎవరి నుంచి ఎవరు విన్నారో చెప్పే ఇస్నాద్ పరంపర దీనికి తోడు. ఒక మాట ఎన్ని చేతులు మారి వచ్చినదో తెలియనిదే ఆ మాటను వారు స్వీకరించలేదు.

1888లో హైదరాబాదులో వెలసిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ అరబీ ప్రాచీన గ్రంథాలను అచ్చు వేయటానికి పూనుకున్నప్పుడు ఇదే మార్గం పట్టినది. వేర్వేరు చోట్ల ఉన్న రాత ప్రతులను సేకరించి, తేడాలను గుర్తించి, సరిచూచి ముద్రించినది. పరికరం మారినది, అచ్చుయంత్రం వచ్చినది. నియమం మాత్రం మారలేదు.

కొత్త రాత స్వభావం

ఇప్పుడు కంప్యూటరులో భద్రపరచిన రాత సంగతి చూద్దాము. తాళపత్రం మీద అక్షరం గీతగా ఉంటుంది. కాగితం మీద సిరాగా ఉంటుంది. కన్ను ఉంటే చాలు, కనపడుతుంది. కంప్యూటరులో అక్షరం లేదు. సున్న, ఒకటి అనే రెండు గుర్తుల వరుస మాత్రమే ఉన్నది. ఏ వరుసకు ఏ అక్షరమో ఒక ఒప్పందం ఉంటుంది. ఆ ఒప్పందం తెలిసిన యంత్రం, ఆ యంత్రాన్ని నడిపే ఉపకరణం, దానికి విద్యుత్తు, ఈ మూడూ ఉన్నంత వరకే అది రాత. వీటిలో ఒకటి లోపించినా అది ప్రిన్సెప్‌కు ముందటి బ్రాహ్మీయే. కాదు, అంతకంటే కనికష్టం. ఎందుకంటే ఆ రాళ్ళ మీద ఏదో రాసి ఉన్నదన్న సంగతైనా కంటికి తెలిసేది.

దీనికి నా అనుభవమే సాక్ష్యం. 2003 ప్రాంతంలో నేను ఉర్దూ నుంచి ఒక గ్రంథాన్ని తెలుగు చేశాను. ఒక డి.టి.పి. దుకాణంలో కంపోజు చేయించాను. సగం అచ్చయినది. మిగతా సగం ధనాభావం వలన ఆగిపోయినది. ఫైళ్ళను ఫ్లాపీలలో, ఒక సి.డి.లో జాగ్రత్త చేసుకున్నాను. 2019లో రెండవ భాగం అచ్చు వేద్దామని తీస్తే, ఫ్లాపీ చదివే యంత్రమే దొరకలేదు. సి.డి. తెరుచుకున్నది. కాని తెలుగు అక్షరాలకు బదులు ఇంగ్లీషు అక్షరాలు, చిహ్నాలు అర్థం లేకుండా పేర్చినట్టు కనపడినవి. కారణం తరువాత తెలిసినది. ఆ రోజుల్లో తెలుగు ఖతులను తయారు చేసిన ప్రతివారూ ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గుర్తుల స్థానంలో తమ ఇష్టం వచ్చిన క్రమంలో తెలుగు ముక్కలను అమర్చుకున్నారు. ఆ ఖతి ఉన్న కంప్యూటరులో అది తెలుగు. లేనిచోట అది చెత్త. 1991లో వచ్చిన యూనికోడ్ తెలుగుకు ప్రత్యేక స్థానాలు ఇచ్చినది గాని, మన అచ్చు దుకాణాలు ఆ దారికి రావటానికి చాలా సంవత్సరాలు పట్టినది. చివరకు నా గ్రంథాన్ని కాపాడినది మా ఇంటి అటక మీద మిగిలిపోయిన ప్రూఫు కాగితాలు. ఎలుకలు అంచులు కొరికినవి. అక్షరాలు మాత్రం ఉన్నవి.

ఇది ఒక్క నా దురదృష్టం కాదు. ఇంగ్లండులో 1086 నాటి డూమ్స్‌డే గ్రంథానికి 900 సంవత్సరాలు నిండిన సందర్భంగా, 1986లో బి.బి.సి. సంస్థ ఆ దేశ జీవితాన్ని చిత్రించే ఒక కొత్త డూమ్స్‌డేను లేజరు ఫలకాల మీద తయారు చేసినది. పదిహేనేళ్ళు గడిచేసరికి ఆ ఫలకాలను చదివే యంత్రాలు అరుదైపోయినవి. నిపుణులు శ్రమపడి వాటిలోని విషయాన్ని బయటకు తీయవలసి వచ్చినది. 1086 నాటి చర్మపు పుటలను మాత్రం ఈ రోజుకీ తెరిచి చదవవచ్చు.

మన పుస్తకాల ఉదాహరణ

తెలుగువారికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉన్నది. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి అమెరికాలో ఆచార్యులైన కంప్యూటరు శాస్త్రవేత్త రాజ్ రెడ్డి ప్రోత్సాహంతో, ఈ శతాబ్ది తొలి సంవత్సరాల్లో 10 లక్షల గ్రంథాలను స్కాను చేసే పథకం మొదలైనది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అందులో భాగం. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ దీనికి ఒక ముఖ్య కేంద్రమైనది. అచ్చులో లేని తెలుగు, ఉర్దూ, ఫార్సీ, అరబీ గ్రంథాలు ఇంట్లో కూర్చున్నవారికి అందినవి. ఈ వ్యాసకర్త కూడా వాటి వలన లబ్ధి పొందినవాడే.

అయితే రెండు లోపాలు అందులో కనిపించినవి. మొదటిది, పేర్ల నమోదు. తెలుగు, ఉర్దూ గ్రంథాల పేర్లను ఇంగ్లీషు లిపిలో ఎవరికి తోచినట్టు వారు ఎక్కించారు. పుస్తకం లోపల ఉన్నది, వెతికితే దొరకదు. కొన్నిటిలో పుటలు తప్పిపోయినవి. సున్న చుట్టారు గాని లోపల చుక్క పెట్టలేదన్నమాట. రెండవది మరింత పెద్దది. 2017లో ఆ జాలస్థలం పాఠకులకు అందకుండా పోయినది. అప్పటికే కొందరు ఔత్సాహికులు ఆ గ్రంథాలను దింపుకుని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే మరొక గ్రంథాలయంలో చేర్చి ఉండటం వలన లక్షల పుస్తకాలు నేటికీ అందుతున్నవి. వారు బ్రౌన్ నియమించిన లేఖకుల వారసులు. అడిగినవారు లేరు, జీతం ఇచ్చినవారు లేరు. ఒక చోట మాత్రమే ఉన్నది భద్రం కాదని తెలిసి నకలు చేశారు.

సామాన్యునికి ఎలా చెప్పాలి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. ఈ సంగతులు సేద్యం చేసుకునేవారికి, ముతవల్లీకి, పంతులుకు, ముల్లాకు ఎలా చెప్పాలి? నిపుణులు తరచు భయపెట్టి చెబుతారు, లేదా పరిభాషలో చెబుతారు. రెండూ ఫలించవు. మన ప్రాంతంలో వాడుకలో ఉన్న పనులతో పోల్చి చెబితే త్వరగా మనసుకు ఎక్కుతుందని నా అనుభవం.

గుంటూరు రైతుకు విత్తనం సంగతి తెలుసు. మంచి విత్తనాన్ని గాదెలో పోసి తాళం వేస్తే అది పదేళ్ళకు మొలకెత్తదు. మళ్ళీ మళ్ళీ విత్తి, పండించి, కొత్త విత్తనం తీసుకుంటేనే ఆ వంగడం నిలుస్తుంది. కంప్యూటరులో రాత కూడా అటువంటిదే. డిస్కు, పెన్‌డ్రైవు కొన్ని సంవత్సరాలకు చెడిపోతాయి. చెడిపోకముందే కొత్తదాని మీదికి ఎక్కించాలి. ఇది ఒకసారి చేసి ఊరుకునే పని కాదు, ఏటేటా చేసే సేద్యం.

మిరప రైతుకు కోల్డు స్టోరేజీ సంగతి తెలుసు. లక్షల బస్తాల మధ్య తన బస్తా దొరికేది దాని మీది గుర్తు వలన, చేతిలోని రసీదు వలన. గుర్తు చెరిగిన బస్తాలో సరుకు ఎంత మంచిదైనా అది ఎవరిదో తెలియదు. ఇది ఏ ఊరి సనదు, ఏ సంవత్సరానిది, ఎవరి ఇంటిలో ఉన్నది, ఎవరు ఎప్పుడు ఫొటో తీశారు అని రాసి పెట్టని ఫొటో కూడా అంతే. అమరావతిలో స్థానం పోయిన రాయి అదే. హదీసు పండితుని మాటలో ఇస్నాద్ లేని రివాయతు అదే.

తీరప్రాంతం వారికి 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరులో విజయవాడ వీధులను ముంచిన బుడమేరు వరద నిన్నటి సంగతే. ఒకే ఇంటిలోని 3 నకళ్ళు ఒకే వరదలో పోతాయి. అందుకే నిపుణులు 3 ప్రతులు ఉండాలి, అవి 2 రకాల వస్తువుల మీద ఉండాలి, కనీసం 1 వేరే ఊరిలో ఉండాలి అంటారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) ప్రతులను వేర్వేరు పట్టణాలకు పంపటం తెలిసినవారికి ఇది వివరించనవసరం లేదు.

అయితే పోలికలకు హద్దు ఉన్నది. దానిని చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది. పలక సగం విరిగితే మిగతా సగం చదవవచ్చు. ఫైలులో చిన్న భాగం చెడినా కొన్నిసార్లు మొత్తం తెరుచుకోదు. కాగితం చెడుతుంటే పసుపెక్కుతుంది, వాసన వేస్తుంది, ముందుగా హెచ్చరిస్తుంది. డిస్కు హెచ్చరించకుండానే ఆగిపోవచ్చు. అన్నిటి కంటే ముఖ్యమైన తేడా ఇది. దీపాలదిన్నె మరుపులో పడి శతాబ్దాలు బతికినది, కంటబడిన 20 ఏళ్ళలో చెదిరినది. కొత్త రాత దీనికి పూర్తిగా తలకిందులు. దానిని ఎవరో ఒకరు ఎల్లప్పుడూ కనిపెట్టి ఉండాలి. మరిచిన నాడు అది మరణించినట్టే.

చేయవలసినవి

పాఠకులు, ముఖ్యంగా మసీదు, దర్గా, ఆషూర్‌ఖానా కమిటీలలో ఉన్నవారు, కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలని మనవి.

మొదటిది, ఫొటో తీసిన తరువాత మూలాన్ని పారవేయవద్దు. ఫొటో మూలానికి సాక్షి, ప్రత్యామ్నాయం కాదు. కాగితం పాతదా కొత్తదా, సిరా ఏది, మోహరు ఒత్తినదా గీసినదా అన్న ప్రశ్నలకు కాగితమే జవాబు చెప్పగలదు.

రెండవది, రెండు వైపులా ఫొటో తీయాలి. ఫార్సీ సనదుల వెనుక వైపున దఫ్తరు అధికారుల నమోదులు, మోహర్లు, భూమి వివరాలు ఉండటం మామూలు. ముందు వైపు అందమైన రాతను మాత్రమే తీసి ఊరుకుంటే సగం సనదు పోయినట్టే. అర్థం కాని గీతలను వదిలివేయవద్దు. మెకంజీ చిత్రకారులకు బ్రాహ్మీ అర్థం కాలేదు. అయినా వదలలేదు.

మూడవది, వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి పంపుకున్న ఫొటోను మూల ప్రతిగా ఉంచుకోవద్దు. పంపేటప్పుడు అది కుదించబడుతుంది. సన్నని నుఖ్తాలు మాసిపోతాయి. అరబీ లిపిలో నుఖ్తా పోతే మాట మారుతుందని చెప్పనక్కరలేదు. కెమెరా నుంచి వచ్చిన ఫైలును యథాతథంగా దాచాలి.

నాలుగవది, ముఖాబలా. ఏటా ఒక రోజు నిర్ణయించుకుని, దాచిన ప్రతులన్నీ తెరుచుకుంటున్నవో లేదో చూడాలి. కంప్యూటరు నిపుణులు ఒక ఫైలులోని గుర్తులన్నిటినీ లెక్క కట్టి ఒక మొత్తంగా రాసుకుంటారు. తరువాత తిరిగి లెక్క కట్టినప్పుడు మొత్తం తప్పితే ఎక్కడో మార్పు జరిగినదని గ్రహిస్తారు. ఖుర్‌ఆన్ ఆయతులను, పదాలను, అక్షరాలను సైతం లెక్కించి పెట్టిన పండితుల పని ఇటువంటిదే.

ఐదవది, ఒక పాత నోటు పుస్తకం. ఏ ఫైలు ఎక్కడ ఉన్నది, ఎవరు తీశారు, ఎప్పుడు సరిచూశారు అని కలంతో రాసి ఉంచాలి. దానికి విద్యుత్తు అక్కరలేదు.

వీటిలో పెద్ద ధనం కోరేది ఏదీ లేదు. బాధ్యత తీసుకునే మనిషి మాత్రం కావాలి. ఆ మనిషి తరువాత మరొక మనిషి కావాలి. మెకంజీ వెనుక బొర్రయ్య, బొర్రయ్య వెనుక లక్ష్మయ్య, వారందరి వెనుక బ్రౌన్ లేఖకులు. ఆ లేఖకుల పేర్లు మనలో ఎందరికి తెలుసు? కాని గుంటూరు సీమ చరిత్ర వారి చేతుల మీదుగానే మనకు వచ్చినది.

వృద్ధ ముతవల్లీ సాహెబు మరుసటి నెలలో తిరిగి వచ్చినప్పుడు ఈ మాటలే చెప్పాను. అమరావతి పలకల కథ ఆయనకు తెలుసు. చిన్నప్పుడు ఆ దిబ్బ మీద ఆడుకున్నారట. విత్తనం మాట చెప్పగానే తల ఊపారు. హాఫిజ్ చదివిన పిల్లవాడు రోజూ దౌర్ చేయకపోతే మరిచిపోతాడు కదా, ఇదీ అంతేనా అని ఆయనే అడిగారు. అంతే చాచా అన్నాను. అంత చక్కని పోలిక నాకు తోచలేదు.

ఆ రోజు సనదును వెనక్కి తిప్పి చూశాము. వెనుక వైపున 3 మోహర్లు, 4 పంక్తుల నమోదు ఉన్నవి. వాటిని అంతవరకు ఎవరూ ఫొటో తీయలేదు. ఆ పంక్తులలో భూమి ఎల్లలు ఉన్నవి.

కాగితం కృష్ణలో కలవలేదు. ఆయన ఇంటి పెట్టెలోనే, కొత్త గుడ్డలో చుట్టి, వేపాకు వేసి ఉన్నది. దాని రెండు వైపుల ప్రతులు ఒకటి ఆయన కుమారుని వద్ద, ఒకటి ఒంగోలులో ఉన్న అల్లుని వద్ద, మరొకటి నా వద్ద ఉన్నవి. నా నోటు పుస్తకంలో ఆ సనదు పేరు పక్కన సున్న చుట్టి, లోపల చుక్క పెట్టాను. వచ్చే ఏడు మళ్ళీ పెట్టవలసి ఉన్నది.